ఆండ్రాయిడ్ 15: ఫోన్ చెయ్యి దాటకముందే సరిచేసుకోవలసిన సెట్టింగులు

ఆండ్రాయిడ్ 15 వెర్షన్‌ను గూగుల్ 2024 అక్టోబరు 15న తన పిక్సెల్ ఫోన్లకు విడుదల చేసింది. వన్‌ప్లస్ దాన్ని ఆక్సిజన్ ఓఎస్ 15 పేరుతో, వివో ఫన్‌టచ్ ఓఎస్ 15 పేరుతో, శాంసంగ్ మరుసటి ఏడాది వన్ యూఐ 7 పేరుతో తమ ఫోన్లకు అందించాయి. అప్‌డేట్ పూర్తయి ఫోన్ మళ్లీ తెరుచుకున్నాక రంగులో, ఐకాన్లో కాస్త మారినట్టు కనిపిస్తాయి. అంతకు మించి ఏమీ లేదనుకుని ఎక్కువమంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి ఈ వెర్షన్‌లో బాగా పనికొచ్చే సదుపాయాలు సెట్టింగుల లోపలి పేజీల్లో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మనమే వెళ్లి ఆన్ చేస్తే తప్ప పనిచేయవు. అవి ప్రధానంగా రెండు ప్రమాదాలను దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి: ఒకటి ఫోన్ మన చేతిలోంచి మరొకరి చేతిలోకి పోవడం, రెండోది ఫోన్ మన చేతిలోనే ఉండి పెత్తనం మాత్రం మరొకరికి వెళ్లడం. బ్యాంకు ఖాతా, ఆధార్, ఇంటి ఫొటోలు అన్నీ ఫోన్‌లోనే ఉంటున్న రోజుల్లో కొత్త వాల్‌పేపర్ల కంటే వీటినే ముందు చూసుకోవాలి కాబట్టి, ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మెనూల పేర్లను ఇంగ్లీషు ఇంటర్‌ఫేస్‌లో ఉన్నట్టుగానే తెలుగు లిపిలో రాస్తున్నాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఫోన్‌ను ఇంగ్లీషులోనే వాడతారు. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెట్టడం వల్ల ఇక్కడ చెప్పిన దారి మీ ఫోన్‌లో కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. సెట్టింగ్స్ తెరవగానే పైన ఉండే సెర్చ్ గడిలో ఆ సదుపాయం పేరు టైప్ చేస్తే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది.

వెర్షన్ చూసుకోవడం, అప్‌డేట్ చేయడం

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ అనే వరుసలో ఉన్న అంకెను చూడండి. కంపెనీ పెట్టిన పేరును నమ్ముకోకూడదు. ఉదాహరణకు షావోమి హైపర్ ఓఎస్ 2 వచ్చిన ఫోన్లన్నింటిలోనూ లోపల ఉన్నది ఆండ్రాయిడ్ 15 కాదు, కొన్నింటిలో 14 మాత్రమే ఉంది. పిక్సెల్‌లో సిస్టమ్ కింద ఉన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్‌లో, శాంసంగ్‌లో సెట్టింగ్స్ జాబితాలోనే కనిపించే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో కొత్త వెర్షన్ వచ్చిందో లేదో తెలుస్తుంది.

అప్‌డేట్ మొదలుపెట్టే ముందు ఫొటోలను, వాట్సాప్ చాట్‌లను బ్యాకప్ చేసుకోండి. వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఖాతాలోని ఉచిత 15 జీబీ స్థలంలోనే లెక్కకు వస్తుంది కాబట్టి, అక్కడ చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఛార్జింగ్ సగానికి పైగా ఉంచి, వైఫై మీద డౌన్‌లోడ్ చేయడం మంచిది. ఒకసారి కొత్త వెర్షన్‌కు వెళ్లాక పాతదానికి తిరిగి రావాలంటే సాధారణంగా ఫోన్‌లోని సమాచారమంతా చెరిపేయాల్సి వస్తుంది. అప్‌డేట్ తరువాత ఒకటి రెండు రోజులు ఫోన్ కాస్త వేడెక్కినా, బ్యాటరీ త్వరగా తగ్గినా దాన్ని లోపంగా భావించనక్కరలేదు, ఎందుకంటే యాప్‌లన్నింటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు సిద్ధం చేసే పని ఆ సమయంలో వెనుక జరుగుతూ ఉంటుంది.

దొంగతనం నుంచి రక్షణ

మొదట స్క్రీన్ లాక్ సంగతి తేల్చుకోవాలి. లాక్ లేని ఫోన్‌లో ఈ విభాగంలో చెప్పేవాటిలో చాలావరకు పనిచేయవు. స్క్రీన్ మీద వేలి జాడలు మిగిల్చే ప్యాటర్న్ కంటే, పుట్టిన సంవత్సరం కాని ఆరంకెల పిన్ మేలు.

తరువాత సెట్టింగ్స్‌లో గూగుల్ తెరిచి, ఆల్ సర్వీసెస్‌లోకి వెళ్లి, పర్సనల్ అండ్ డివైస్ సేఫ్టీ కింద ఉన్న థెఫ్ట్ ప్రొటెక్షన్ నొక్కండి. శాంసంగ్‌లో ఇది సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో లాస్ట్ డివైస్ ప్రొటెక్షన్ కింద ఉంటుంది. అక్కడ మూడు లాక్‌లు కనిపిస్తాయి. ఈ మూడింటినీ ఆండ్రాయిడ్ 15తో పాటే ప్రచారం చేసినా, ఫోన్‌లో వెనుక నుంచి తనంతట తాను అప్‌డేట్ అయ్యే గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా ఆండ్రాయిడ్ 10, ఆపై వెర్షన్లకూ అందించారు. అప్‌డేట్ రాని పాత ఫోన్ వాడుతున్న ఇంట్లోవాళ్లకు కూడా ఈ పని చేసిపెట్టవచ్చు.

మొదటిది థెఫ్ట్ డిటెక్షన్ లాక్. బస్టాపులో నిలబడి మెసేజి చదువుతుండగా బైకు మీద వచ్చినవాడు ఫోన్ లాక్కుపోయాడనుకుందాం. వాడి చేతికి దక్కేది లాక్ తెరిచి ఉన్న ఫోన్. అంటే జీమెయిల్, వాట్సాప్, ఓటీపీలు వచ్చే మెసేజీలు అన్నీ తెరిచిన తలుపులే. హఠాత్తుగా పడిన కుదుపును, ఆ వెంటనే పరుగులోనో బండి మీదో దూసుకుపోతున్న కదలికను ఫోన్‌లోని సెన్సర్లు పసిగట్టి స్క్రీన్‌ను లాక్ చేసేస్తాయి. దీన్ని 2024లో ముందుగా బ్రెజిల్‌లో పరీక్షించారు. ఇది ప్రతిసారీ పట్టుకుంటుందన్న హామీ లేదు. ఫోన్ స్థిరమైన వైఫైకో, బ్లూటూత్‌కో కలిసి ఉన్నప్పుడు లాక్ పడకపోవచ్చు. బస్సు అందుకోవడానికి పరుగెత్తినప్పుడు అనవసరంగా లాక్ పడే అవకాశమూ ఉంది. అయితే అప్పుడు మనకు కలిగే కష్టమల్లా మళ్లీ వేలిముద్ర పెట్టడమే కాబట్టి, దీన్ని ఆఫ్‌లో ఉంచడానికి నాకు కారణమేదీ కనిపించదు.

రెండోది ఆఫ్‌లైన్ డివైస్ లాక్. ఫోన్ దొరికిన దొంగ ఆచూకీ తెలియకుండా మొదట చేసే పని డేటా ఆపేయడం. ఫోన్ తెరిచి వాడుతున్న స్థితిలో ఇంటర్నెట్ తెగిపోతే కాసేపట్లో స్క్రీన్ తనంతట తాను లాక్ అవుతుంది. మామూలుగా సిగ్నల్ లేని ఊళ్లలో ఇది విసిగించకుండా రోజుకు రెండుసార్లకు మించి లాక్ పడకుండా హద్దు పెట్టారు. దీనికి జతగా శాంసంగ్‌లో సెక్యూర్ లాక్ సెట్టింగ్స్ లోపల లాక్ నెట్‌వర్క్ అండ్ సెక్యూరిటీ అనేది కూడా ఆన్ చేస్తే, లాక్ అయి ఉన్న స్క్రీన్ మీద నుంచి ఎవరూ డేటాను ఆపలేరు.

మూడోది రిమోట్ లాక్, నా దృష్టిలో మూడింటిలోకీ విలువైనది. ఫోన్ పోయిందని తెలిసిన వెంటనే పక్కవారి ఫోన్‌లో గూగుల్ ఖాతాలోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ గుర్తుండదు. గుర్తున్నా, రెండో దశ ధ్రువీకరణ కోసం వచ్చే ప్రశ్న పోయిన ఫోన్‌కే వెళ్తుంది. ఈ చిక్కు లేకుండా రిమోట్ లాక్‌కు ఫోన్ నంబరు ఒక్కటి చాలు. ఆన్ చేసేటప్పుడు ఆ ఫోన్‌లో వాడుతున్న నంబరును ధ్రువీకరించాలి. అవసరమైనప్పుడు ఏ ఫోన్‌లోనైనా బ్రౌజర్ తెరిచి ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ అనే చిరునామాకు వెళ్లి, దేశం ఇండియా అని ఎంచుకుని, నంబరు కొట్టి, మనిషేనని నిరూపించే చిన్న పరీక్ష దాటితే లాక్ ఆదేశం వెళ్తుంది. ఆ ఆదేశం అందాలంటే పోయిన ఫోన్‌లో ఇంటర్నెట్ ఉండాలి. ఇది లాక్ మాత్రమే చేస్తుంది. ఎక్కడుందో చూడడం, సమాచారం చెరపడం వంటివి ఫైండ్ హబ్ నుంచి జరగాలి కాబట్టి అది కూడా ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడండి. పాత పేరు ఫైండ్ మై డివైస్, 2025 మేలో మార్చారు. సెట్ చేశాక ఇంట్లో మరొకరి ఫోన్ నుంచి ఒకసారి లాక్ చేసి చూసుకోండి. ఇంటిల్లిపాదికీ ఆ చిరునామా నేర్పినట్టూ అవుతుంది.

ఇదే సందర్భంలో గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీ తెరిచి, ఫోన్ చేతిలో లేనప్పుడు రెండో దశ ధ్రువీకరణకు పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు తీసుకోవడం మరచిపోకండి. ఎనిమిదేసి అంకెల పది కోడ్‌లు వస్తాయి, ఒక్కొక్కటి ఒక్కసారే చెల్లుతుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచుకోవడం వల్ల ప్రయోజనం లేదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

నాలుగో అంచె ఐడెంటిటీ చెక్. 2025 జనవరిలో ఆండ్రాయిడ్ 15 ఉన్న పిక్సెల్ ఫోన్లకు, ఆ తరువాత వన్ యూఐ 7 వచ్చిన గెలాక్సీ ఫోన్లలో అర్హత ఉన్నవాటికి ఇది అందింది. మీ పిన్‌ను భుజం మీదుగా చూసి గుర్తుపెట్టుకున్నవాడు ఫోన్ కాజేస్తే పై మూడు లాక్‌లనూ దాటగలడు. ఐడెంటిటీ చెక్ ఆన్‌లో ఉంటే, మీరు నమ్మకమైన చోటుగా చెప్పిన ఇల్లు, ఆఫీసు వంటి ప్రదేశాల బయట పిన్ మార్చాలన్నా, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూడాలన్నా, ఫైండ్ హబ్ ఆపాలన్నా వేలిముద్రో ముఖమో చూపించాల్సిందే, పిన్ చెల్లదు. ఇది గట్టి రక్షణే కానీ అందరికీ సరిపడదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక ఇబ్బంది పడే పెద్దవాళ్లకు ఇది తమ ఫోన్‌లోనే తమకు అడ్డు కావచ్చు. అలాంటివారి ఫోన్‌లో ఆన్ చేయాలనుకుంటే కనీసం రెండు మూడు వేళ్లు నమోదు చేసి, ఇంటి చిరునామాను తప్పనిసరిగా నమ్మకమైన చోట్లలో చేర్చండి.

ఇంతా చేసి సిమ్‌ను వదిలేస్తే లాభం లేదు. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలు వాడికి వెళ్తాయి. సెక్యూరిటీ సెట్టింగుల్లో ఉండే సిమ్ లాక్ ఆన్ చేస్తే, సిమ్ కొత్త ఫోన్‌లోకి వెళ్లినా ఫోన్ రీస్టార్ట్ అయినా ప్రత్యేకమైన పిన్ అడుగుతుంది. దీనికి మొదట సిమ్ కంపెనీ పెట్టిన డిఫాల్ట్ పిన్ కావాలి, ఊహించి కొట్టకుండా కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి, దాన్ని మళ్లీ తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది.

ఆండ్రాయిడ్ 15లో మనం ఏమీ చేయకుండానే బలపడినది ఒకటుంది: ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్. ఫోన్‌ను బటన్లతో రీసెట్ చేసినవాడు మొదటి సెటప్ దశలను ఏదో విధంగా దాటవేసి వాడుకునే కిటుకులు వెనకటి వెర్షన్లలో ఉండేవి. కొత్త వెర్షన్‌లో సెటప్‌ను దాటవేసినంత మాత్రాన ఆ రక్షణ తొలగిపోదు. అంటే మీ గూగుల్ ఖాతా వివరాలో, పాత స్క్రీన్ లాకో తెలియకపోతే ఫోన్ వాడకానికి రాదు. పాత ఫోన్ అమ్మేటప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఇదే మన మెడకు చుట్టుకోకుండా ముందుగా ఫోన్‌లోంచి గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తరువాతే సెట్టింగుల లోపలి నుంచి రీసెట్ చేయాలి.

ప్రైవేట్ స్పేస్

పిల్లవాడు కార్టూన్లకోసం ఫోన్ అడిగితే ఇవ్వక తప్పదు, కానీ దానిలోనే బ్యాంకు యాప్ ఉంటుంది. ఈ అవసరానికి ఇంతవరకు ఒక్కో కంపెనీ తన సొంత పరిష్కారం ఇచ్చేది. ఆండ్రాయిడ్ 15లో అది ప్రైవేట్ స్పేస్ పేరుతో, యాప్‌లను వేరే తాళం వేసి దాచుకునే గడిగా వ్యవస్థలోనే భాగమైంది. శాంసంగ్ మాత్రం దీన్ని తీసుకోకుండా తన సెక్యూర్ ఫోల్డర్‌నే కొనసాగించింది. కాబట్టి ఆ ఫోన్లవాళ్లు దాన్నే వాడుకోవాలి.

సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో ప్రైవేట్ స్పేస్ నొక్కి, మీ పిన్ ఇచ్చి, సెటప్ మొదలుపెట్టండి. ఒక గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ చేయమని అడుగుతుంది. ఇక్కడ రోజూ వాడే ఖాతాను ఇవ్వకుండా కొత్తది తెరవడం ఉత్తమం. పాత ఖాతానే ఇస్తే లోపల తీసిన ఫొటోలు, వెతికిన విషయాలు సింక్ అయి బయట కనిపించే అవకాశం ఉంటుంది, అప్పుడు ఈ శ్రమకు అర్థం ఉండదు. తరువాత లాక్ ఎంచుకోమంటుంది. ఇంట్లోవాళ్లందరికీ మీ ఫోన్ పిన్ తెలుసు గనుక, దీనికి వేరే పిన్ పెట్టుకోండి.

సెటప్ అయ్యాక యాప్‌లన్నీ కనిపించే పేజీని చివరి వరకు జరిపితే అట్టడుగున తాళం గుర్తుతో ప్రైవేట్ స్పేస్ ఉంటుంది. దాన్ని తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే లోపలే ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. బయట ఉన్న యాప్ లోపలికి నడిచి వెళ్లదన్న సంగతి గుర్తుంచుకోవాలి. లోపల ఇన్‌స్టాల్ అయ్యేది ఖాళీగా ఉండే కొత్త ప్రతి, అందులో మళ్లీ లాగిన్ కావాలి. బ్యాంకు యాప్ అయితే ముందు లోపలి ప్రతిని రిజిస్టర్ చేసి, ఒక చిన్న మొత్తం పంపి, అంతా సవ్యంగా ఉందని తేలాకే బయటి ప్రతిని తీసేయండి.

ఆ తరువాత దీని సెట్టింగుల్లో రెండు విషయాలు చూడాలి. ఎప్పుడు తనంతట తాను తాళం పడాలన్నది ఒకటి. ఫోన్ లాక్ అయిన ప్రతిసారీ, స్క్రీన్ ఆరిన ఐదు నిమిషాలకు, ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు మాత్రమే అని మూడు ఎంపికలుంటాయి. మొదటిదే సురక్షితం. రెండోది లాక్ అయినప్పుడు ఆ గడి మొత్తాన్ని దాచేయడం. దాచాక అది ఎక్కడా కనిపించదు, యాప్‌ల పేజీలోని సెర్చ్ గడిలో ప్రైవేట్ స్పేస్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తేనే బయటపడుతుంది.

దీని పరిమితులు కూడా తెలియాలి. తాళం పడినప్పుడు లోపలి యాప్‌లు పూర్తిగా ఆగిపోతాయి, నోటిఫికేషన్లు రావు. కాబట్టి రోజంతా సందేశాలు రావలసిన వాట్సాప్‌కు గానీ, చక్కెర స్థాయి వంటివి కనిపెట్టుకుని ఉండే ఆరోగ్య యాప్‌లకు గానీ ఇది తగిన చోటు కాదు. కొత్త ఫోన్‌కు మారినప్పుడు లోపల ఉన్నది వెంట రాదు. ప్రైవేట్ స్పేస్‌ను తొలగిస్తే అందులోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి తవ్వగల నేర్పరి నుంచి ఇది కాపాడుతుందని కూడా అనుకోకూడదు.

ఓటీపీలు, స్క్రీన్ షేరింగ్, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు

మన దగ్గర ఎక్కువమంది మోసపోయేది ఫోన్ పోయి కాదు, ఫోన్ చేతిలో ఉండగానే. ట్రాఫిక్ చలానా కట్టాలనో, పీఎం కిసాన్ డబ్బులు పడాలనో, పెళ్లి పత్రిక చూడమనో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు వస్తుంది. నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది, మెసేజీలు, నోటిఫికేషన్లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే మన ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. ఆండ్రాయిడ్ 15 ఈ గొలుసును కొన్ని చోట్ల తెంచుతుంది. నోటిఫికేషన్లు చదివే అనుమతి ఉన్నా వ్యవస్థ నమ్మని యాప్‌లకు ఓటీపీ ఉన్న నోటిఫికేషన్‌లోని విషయం కనిపించదు. ప్లే స్టోర్ బయటినుంచి వచ్చిన యాప్‌కు ఇలాంటి ప్రమాదకరమైన అనుమతులు ఇవ్వబోతే రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్ అంటూ అడ్డుపడుతుంది.

ఆ అడ్డును తొలగించే దారి కూడా ఫోన్‌లోనే ఉంది: యాప్ ఇన్ఫో పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అని వస్తుంది. ఫోన్‌లో మాట్లాడుతూ ఆ మూడు చుక్కలు నొక్కమని మీకు ఎవరైనా చెబుతున్నారంటే, వారు ఏ బ్యాంకువాళ్లమని చెప్పుకున్నా సరే, కాల్ కట్ చేయండి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికి, ఆ జాబితాలో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ ఎదురుగా నాట్ అలౌడ్ అని ఉందో లేదో ఇప్పుడే చూడండి.

స్క్రీన్ షేర్ చేసేటప్పుడు ఫోన్ ఇప్పుడు మొత్తం స్క్రీన్ చూపించాలా, ఒక్క యాప్ మాత్రమే చూపించాలా అని అడుగుతుంది. ఆఫీసు మీటింగుల్లో ఒక్క యాప్‌నే ఎంచుకోండి. మొత్తం స్క్రీన్ ఇచ్చినా నోటిఫికేషన్లలోని విషయం అవతలివారికి కనిపించకుండా వ్యవస్థే దాస్తుంది. దీనికి తోడుగా లాక్ స్క్రీన్ నోటిఫికేషన్లలో సెన్సిటివ్ విషయాలు దాచే ఎంపికను ఆన్ చేసుకోండి, లేకపోతే లాక్ అయిన ఫోన్ మీదే ఓటీపీ చదువుకోవచ్చు.

ఒక చిన్న దుష్ఫలితం ఉంది. నోటిఫికేషన్లను కంప్యూటర్‌కు పంపే కొన్ని యాప్‌లలో అప్‌డేట్ తరువాత అసలు సందేశానికి బదులు విషయం దాచామన్న వాక్యం కనిపించవచ్చు. అది యాప్ చెడిపోవడం కాదు, పైన చెప్పిన రక్షణే. ఓటీపీని ఫోన్‌లోనే చూసుకోవడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

స్టోరేజీ, బ్లూటూత్

ఏడాదికోసారి తెరిచే యాప్‌ను తీసేస్తే మళ్లీ లాగిన్ కావాలి, ఉంచితే స్థలం తింటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి ఆ యాప్ పేరు నొక్కితే ఇప్పుడు ఆర్కైవ్ అనే బటన్ కనిపిస్తుంది. ఆర్కైవ్ చేస్తే యాప్ ప్రధాన భాగం పోయి, మీ డేటా, ఐకాన్ మిగులుతాయి. ఐకాన్ నొక్కితే ప్లే స్టోర్ నుంచి మళ్లీ దిగి, వదిలిన చోటు నుంచే మొదలవుతుంది. తిరుపతి దర్శనం టికెట్ల కోసమో, పరీక్ష ఫలితాల కోసమో పెట్టుకున్న యాప్‌లకు ఇది బాగా నప్పుతుంది. ఆర్కైవ్‌లో ఉన్న యాప్ నోటిఫికేషన్లు పంపదు. వాట్సాప్‌లో స్థలం తినేది ఎక్కువగా ఫొటోలు, వీడియోలే కాబట్టి అక్కడ దీనివల్ల పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

బ్లూటూత్ ఆపేటప్పుడు రేపు తనంతట తాను ఆన్ కావాలా అన్న ఎంపిక కొత్తగా వచ్చింది. పోయిన ఫోన్‌ను ఇంటర్నెట్ లేకుండా వెతకడానికి బ్లూటూత్ అవసరం, అందుకని ఆ ఎంపికను ఆన్‌లో ఉంచండి.

ఫోన్ పోతే ఆ గంటలో చేయవలసినవి

పక్కవారి ఫోన్ తీసుకుని ముందు రిమోట్ లాక్ చేయండి, ఆ తరువాత ఫైండ్ హబ్‌లో ఎక్కడుందో చూడండి. వెంటనే బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చెప్పి యూపీఐని, కార్డులను ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఆలస్యం లేకుండా ఫిర్యాదు చేయాలి. సిమ్ కంపెనీతో పాత సిమ్‌ను ఆపించి డూప్లికేట్ తీసుకోండి. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక మొదటి 24 గంటలు భద్రత కోసం ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచుతారు, కాబట్టి ఆ రోజు ఓటీపీలు రావు. కాగితం మీద రాసుకున్న బ్యాకప్ కోడ్‌లు అక్కరకొచ్చేది ఇప్పుడే.

తరువాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, దాని ప్రతితో కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించాలి. దానికి ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు), ఫిర్యాదు వివరాలు, గుర్తింపు పత్రం, కొన్న రసీదు అడుగుతారు. ఐఎంఈఐ ఫోన్ పెట్టె మీద ఉంటుంది. పెట్టె ఎప్పుడో పారేసి ఉంటే, ఫోన్ చేతిలో ఉన్న ఈ రోజే *#06# డయల్ చేసి కనిపించిన రెండు నంబర్లనూ బ్యాకప్ కోడ్‌ల కాగితం మీదే రాసి పెట్టుకోండి. బ్లాక్ అయిన ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు. పోలీసులు దాన్ని తిరిగి ఇచ్చినప్పుడు కూడా అదే పోర్టల్‌లో అన్‌బ్లాక్ చేయమని కోరేదాకా సిగ్నల్ రాదు. అందుకని ఫిర్యాదు చేసినప్పుడు వచ్చే రిక్వెస్ట్ ఐడీని జాగ్రత్తగా ఉంచుకోండి.